చివరింటి కుళాయి

లిఫ్టాయనకు ఇంట్లో వస్తువులతో రోజూ పేచీయే. మనుషులతో పెద్దగా మాట్లాడడు గాని, వస్తువులతో మాత్రం ప్లీడరులా వాదిస్తాడు. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేసి, మెట్ల కిందున్న కరెంటు మీటరు ముందు నిలబడి, "అన్నీ ఆపాను కదా, ఇంకా ఎవరికి కన్ను కొడుతున్నావు?" అని దాని ఎర్రదీపాన్ని నిలదీస్తాడు. వాషింగ్ మెషీన్ పని ముగించి పాట పాడితే ఆయనకు ఒళ్ళు మంట. "బట్టలుతికినందుకు పాటెందుకట? మా ఆవిడ ఇన్నేళ్ళు ఉతికింది, ఒక్కనాడూ పాడలేదు" అంటాడు. "పాడే ఓపిక ఎక్కడ మిగిల్చారు" అని వంటింట్లోంచి ఆవిడ అందుకుంటుంది. ఇక ఫోను సంగతి సరేసరి. నువ్వు మనిషివేనా అని అడిగి, రుజువుగా ట్రాఫిక్ దీపాలున్న బొమ్మలు ఏరమంటుంది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మరీ ఏరుతాడు. అయినా ఒకటి తప్పుతుంది. "నేను మనిషిని కాదట" అని భార్యతో చెప్పుకుంటాడు. "ఆ సంగతి నాకెప్పుడో తెలుసు" అంటుంది ఆవిడ.

పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టాయన అనే అంటారు. ఉద్యోగం వదిలింది గాని చేతి దురద వదల్లేదు. ఎవరింట్లో ఫ్యాను కిర్రుమన్నా, గీజరు మొరాయించినా పిలవకుండానే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. పనికి తిరిగే మనిషిని మెచ్చుకోవాలి, నిజమే. కానీ ఏ పని దేనికి దారితీస్తుందో చూసుకోకుండా తిరిగేవాడిని ఎవరైనా కాస్త ఆపాలి. ఈ వీధిలో ఆయన్ని ఆపినవాళ్ళు లేరు, ఎందుకంటే ఆయన వల్ల అందరికీ లాభమే గాని నష్టం లేదు. అలా అనుకున్నారు.

ఆ వీధి ఒక వాలు మీద ఉంటుంది. నీళ్ళ పైపు పైనుంచి వస్తుంది. లిఫ్టాయన ఇల్లు నడిమధ్యన. నీళ్ళు రోజు విడిచి రోజు, తెల్లారగట్ల కాసేపు వదులుతారు. ఆ కాసేపూ కుళాయి జలుబు చేసిన ముక్కులా కారేది. బకెట్టు కింద పెట్టి ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కాపలా. ఒకరోజు లిఫ్టాయనకు విసుగొచ్చింది. నీళ్ళు మన దగ్గరికి వచ్చేదాకా ఎదురుచూడడమేమిటి, మనమే వెళ్ళి తెచ్చుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాడు. ఒక చిన్న మోటారు తెచ్చి సరాసరి వీధి పైపునుంచి ఇంట్లోకి వచ్చే గొట్టానికే బిగించాడు. మర్నాడు స్విచ్చు వెయ్యగానే నీళ్ళు కుళాయిలోంచి దూకాయి. ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తొట్టి, బిందెలు, ఆఖరికి గిన్నెలు కూడా నిండాయి.

పక్కింటి గుమాస్తా గోడ మీదనుంచి తొంగిచూశాడు. సాయంత్రానికల్లా, "అన్నగారూ, మాకూ ఒకటి బిగించి పెడుదురూ" అని వచ్చాడు. ఆయన వెనకే టైలరమ్మ. ఆవిడ వెనకే మేడింటాయన. గొర్రెదాటు అంటారే, అదే జరిగింది. ఒకరు లాగడం మొదలుపెడితే పక్కవాడి కుళాయి ఎండుతుంది, ఎండినవాడు ఇంకాస్త పెద్ద మోటారు కొంటాడు. ఆ వానాకాలం ముగిసేసరికి వీధిలో మోటారు లేని ఇల్లు లేదు. వాటిలో సగానికి పైగా బిగించింది లిఫ్టాయనే.

ఇది నేరమని అందరికీ తెలుసు. నీళ్ళ ఆఫీసు వాళ్ళు తనిఖీకి వస్తున్నారని కబురు రాగానే, ప్రతి గుమ్మం పక్కనా మోటారు మీద ఒక టబ్బు బోర్లించి, దాని మీద ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టేవారు. అలా వీధి పొడుగునా టబ్బుల మీద ముసలివాళ్ళు ఎండ కాచుకుంటూ కనిపించేవారు. వచ్చిన ఉద్యోగులు ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోయేవారు. వాళ్ళ ఇళ్ళలోనూ టబ్బులున్నాయి మరి.

వాలు చివర, అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇల్లు లిఫ్టాయన చెల్లెలిది. భర్త పోయాక కూతురితో ఉంటోంది. అల్లుడు దూరప్రయాణాల లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ. కూతురు ఈమధ్యే ప్రసవించింది. పైన అందరూ లాగేసుకున్నాక ఆ చివరింటి కుళాయికి బుస్సుమని గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. చెల్లెలు రెండు బిందెలు పట్టుకుని, వాలెక్కి వీధి మొదట్లో ఉన్న చేతిపంపు దగ్గరకు వెళ్ళి మోసుకొచ్చేది. అన్నగారి గుమ్మం ముందునుంచే వెళ్ళాలి.

ఒకరోజు ఆ గుమ్మం దగ్గర బిందె దించి, "అన్నయ్యా, మీరంతా తాగగా మిగిలిన గాలి నాకొస్తోందిరా. రుచిగానే ఉంది" అంది. నవ్వుతూనే అంది. ఆవిడ ఏ మాటైనా నవ్వుతూనే అంటుంది, అందుకే దెబ్బ గట్టిగా తగులుతుంది.

లిఫ్టాయన తల దించుకున్నాడు. ఆయన వృత్తిలో మొదట నేర్పే సంగతి ఒకటుంది. లిఫ్టు పైకి పోవాలంటే గోడ వెనక ఒక ఇనుప బరువు కిందికి దిగాలి. ఎక్కినవాళ్ళకు ఆ బరువు కనబడదు. తన చెల్లెలు ఇన్నాళ్ళూ గోడ వెనక దిగుతోందని ఆయనకు అప్పుడు తట్టింది. తట్టినవాడు తన మోటారు పీకెయ్యవచ్చు. కానీ ఆయన మరమ్మతు మనిషి. తీసెయ్యడం కంటే ఇంకోటి బిగించడమే ఆయనకు తెలిసిన దారి. వీధిలో ఎవరికీ లేనంత పెద్ద మోటారు తెచ్చి చెల్లెలి ఇంట్లో పెట్టాడు. దాన్ని వెయ్యగానే కిటికీ తలుపులు అదిరాయి, కుళాయిలో నీళ్ళు పడ్డాయి. చెల్లెలు ఆ పూటే బిందెలు తుడిచి అటక మీద బోర్లించింది. "ఇవి ఇంక నా పాడెకి ముందు దిగవు" అంది.

"పొద్దున్నే ఆ మాటలేమిటే" అని కసిరాడు అన్న.

కొన్నాళ్ళకు నీళ్ళలో ఏదో వాసన వేస్తోందని ఆవిడే చెప్పింది. రోజూ కాదు, ఎప్పుడైనా. "కొత్త వాషర్ కదా, రబ్బరు వాసన. పోతుందిలే" అన్నాడు లిఫ్టాయన. బిగించినవాడే చెప్పాక ఇక అనుమానం ఏముంటుంది. అయినా బాలింత అని కూతురికి మాత్రం నీళ్ళు కాచి ఇచ్చేది. చంటిదానికి తల్లిపాలే. తను మాత్రం గ్యాసు దండగని కుళాయి నీళ్ళే గ్లాసులో పట్టుకుని గటగటా తాగేది. "నాకేం, నేను ఉక్కుపిండాన్ని" అనేది.

ఉక్కుపిండానికి ముందు జ్వరం వచ్చింది. తర్వాత వాంతులు. ఒక పొద్దున్న కూతురు తల్లి కనురెప్ప ఎత్తి చూసేసరికి కన్ను పచ్చగా ఉంది. ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు పరీక్షల కాగితాలు తిరగేసి, కాలేయం బాగా దెబ్బతిందని చెప్పి, "ఏ నీళ్ళు తాగుతారు?" అని అడిగింది.

"కుళాయి నీళ్ళేనమ్మా" అన్నాడు లిఫ్టాయన.

డాక్టరు కాగితం మీద రాసుకుంది. ఆ ప్రశ్న మాత్రం ఆయనతో పాటు ఆసుపత్రి మెట్లు దిగి ఇంటిదాకా వచ్చింది. ఇంట్లో అన్నం కలుపుకుంటూ మధ్యలో ఆగిపోయాడు. చెల్లెలి ఇంటి ముందు నీళ్ళ పైపు మురుగుకాలువ కిందనుంచి వెళ్తుంది. అది ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. పైపుకి ఎక్కడో కన్నం ఉండి ఉంటే, లోపల నీళ్ళున్నంతసేపూ అవి బయటికే కారతాయి, ఫరవాలేదు. కానీ పైనున్న ఇళ్ళన్నీ లాగేసుకుని పైపు ఖాళీ అయ్యాక, చివరింటి మోటారు దేన్ని లాగుతుంది? ఆయన కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నీళ్ళు వదిలే రోజు తెల్లారుతుండగా, బట్టలకు పెట్టే నీలిమందు పట్టుకుని వాలు దిగాడు. ఆసుపత్రిలో ఆ పూట ఆయన భార్య ఉంది. మేనకోడలు చంటిదాన్ని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. లిఫ్టాయన కాలువ మీది బండ పక్కకు జరిపి, నీలిమందంతా మురుగులో కలిపాడు. లోపలికి వచ్చి మోటారు వేసి, కుళాయి కింద తెల్ల బకెట్టు పెట్టాడు. మొదట మామూలు నీళ్ళే పడ్డాయి. కాసేపటికి పైనుంచి ఒక్కో ఇంటి మోటారూ మొదలైన చప్పుడు వినిపించింది. కుళాయి సన్నబడింది, ఆగింది, రెండుసార్లు గాలి కక్కింది. మోటారు రొద పెంచింది. మళ్ళీ నీళ్ళు పడ్డాయి. బకెట్టు అడుగున నీలం కనబడింది.

ఆ ఒక్క క్షణం లిఫ్టాయనకు సంతోషం వేసింది. నిజంగానే వేసింది, దాచడమెందుకు. తన లెక్క సరిపోయిందన్న పనివాడి సంతోషం అది. "చూశావా, నేననుకున్నట్టే" అని వెనక్కి తిరిగాడు. మేనకోడలి చూపు బకెట్టు మీదే ఉంది.

"దీన్నా మావయ్యా మా అమ్మ తాగింది" అంది ఆ పిల్ల.

ఆయన మోటారు ఆపాడు. ఆపాక ఇంట్లో చంటిదాని ఊపిరి కూడా వినబడింది.

ఆ బకెట్టు పట్టుకుని లిఫ్టాయన ఇంటింటికీ ఎక్కాడు. జీవితంలో ఎన్నడూ అంతమందితో అన్ని మాటలు మాట్లాడలేదు. అందరం మోటార్లు తీసేస్తే పైపు నిండుగా ఉంటుంది, అప్పుడు మురుగు లోపలికి రాదు, చివరిదాకా కాసినే అయినా మంచినీళ్ళే వెళ్తాయి, ఆసుపత్రినుంచి నా చెల్లెలు తిరిగొచ్చేసరికి ఇది జరగాలి అని చెప్పాడు. అందరూ బకెట్టులోకి తొంగిచూశారు. అందరూ అయ్యో అన్నారు.

"ఎంత ఘోరం" అంది టైలరమ్మ. "నేను తీసేస్తా అన్నయ్యగారూ. ముందు ఆ మేడింటాయన్ని తియ్యమనండి. ఆయనదే కదా పెద్దది."

"నేను రెడీ" అన్నాడు మేడింటాయన. "కానీ పైవాళ్ళు తియ్యకుండా నేనొక్కణ్ణి తీస్తే ఏం లాభం, చెప్పండి."

"అంతా కలిసి ఒకేసారి తియ్యాలి" అన్నాడు గుమాస్తా. "అదే న్యాయం." న్యాయమే, కాదనలేం. తిలాపాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. పంచుకునేటప్పుడు ఎవరి పిడికిలీ తెరుచుకోదు.

చివరికి ఈసారి నీళ్ళు వదిలే రోజున ఎవరూ మోటారు వెయ్యకూడదని ఒప్పుకున్నారు. లిఫ్టాయన ఇంటికి వచ్చి తన మోటారు విప్పి మంచం కింద పెట్టాడు. భార్య చూస్తూ నిలబడింది. "అందరూ తీస్తారంటారా?" అని అడిగింది.

"మాటిచ్చారు" అన్నాడు.

ఆ రోజు తెల్లవారింది. నీళ్ళు వచ్చాయి. లిఫ్టాయన గుమ్మం ముందు నిలబడి చెవులు రిక్కించాడు. వీధి ఎన్నాళ్ళకో నిశ్శబ్దంగా ఉంది. ఆయన ఇంటి కుళాయి సన్నగా, నిలకడగా కారుతోంది. భార్య బకెట్టు పెట్టింది. ఇంతలో ఎక్కడో పైన, తలుపులు మూసిన గదిలోంచి, దుప్పటి కప్పినట్టు ఒక మోటారు గురక మొదలైంది. అది ఎవరిదో ఈ రోజుకీ తెలియదు. అది విన్నవాడు ఒకడు తనది వేశాడు. వాడిది విని ఇంకొకడు. ఆఖరికి గుమాస్తా కూడా కిటికీ దగ్గరకొచ్చి, "చూశారుగా అన్నగారూ, వాళ్ళే ముందు వేశారు" అని చెప్పి మరీ లోపలికి వెళ్ళి వేసుకున్నాడు. లిఫ్టాయన కుళాయి ఆగిపోయింది. బకెట్టులో అడుగు కూడా నిండలేదు.

అప్పుడాయన నీళ్ళ ఆఫీసుకు ఫోను చేశాడు. ఒక ఆడగొంతు, మనిషిది కాదు, యంత్రానిది, మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యం అంది. మధ్యమధ్య ఆ ముక్కే అంటూ చాలాసేపు పాట వినిపించింది. ఆఫీసుకే వెళ్ళాడు. అక్కడి మనిషి మర్యాదగానే కూర్చోబెట్టి, కన్నం ఉన్నది కాలువ కింద కాబట్టి రోడ్డు తవ్వాలని, రోడ్డు తవ్వడానికి అనుమతి ఇంకో ఆఫీసుదని, ఫిర్యాదు ఫోనులోనే పెట్టాలని చెప్పాడు. పెట్టాడు. ఫోను మళ్ళీ నువ్వు మనిషివేనా అంది. ఈసారి ఆయన భార్యకు చెప్పుకోలేదు.

సాయంత్రాలు ఆసుపత్రిలో కూర్చునేవాడు. చెల్లెలు చాలామటుకు మగతలోనే ఉండేది. ముఖం, చేతులు, ఆఖరికి గోళ్ళు కూడా పచ్చబడిపోయాయి. ఒకరోజు మాత్రం తెలివిగా కళ్ళు తెరిచి అన్న వైపు చూసింది.

"మోటారు బాగా లాగుతోందా అన్నయ్యా?"

"ఊఁ."

"పిల్లకి చెప్పు, ఎక్కువసేపు వెయ్యొద్దని. కాలిపోతే మళ్ళీ నువ్వే తిరగాలి." కాస్త ఊపిరి తీసుకుంది. "బిందెలు మోసే పని తప్పించావు. నా మోకాళ్ళు నీకు రుణపడి ఉన్నాయిరా."

అన్న మంచం దగ్గరకు జరిగాడు. నిజం చెప్పేద్దామనుకున్నాడు. నీ మోకాళ్ళు కాపాడబోయి నీచేత మురుగు తాగించానే అని కాళ్ళ మీద పడదామనుకున్నాడు. కానీ ఆవిడ అంత తృప్తిగా చూస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు. "నువ్వు ముందు ఇంటికి రా" అని మాత్రం అన్నాడు.

ఆవిడ ఇంటికి రాలేదు. రెండు రోజులు స్పృహ లేకుండా ఉండి కన్నుమూసింది. ఆసుపత్రి బయట చెట్టు కింద నిలబడి లిఫ్టాయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. జేబులో ఫోను మోగితే అల్లుడేమోనని తీసి చూశాడు. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని ఉంది.

వీధంతా వచ్చింది. ఎవరికీ దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చారు. టైలరమ్మ మేనకోడల్ని కావలించుకుని వదల్లేదు. మేడింటాయన వచ్చినవాళ్ళకోసం తన తొట్టెలోంచి నీళ్ళు బకెట్లకొద్దీ పంపించాడు. లిఫ్టాయన ఆ బకెట్ల వంక చూస్తూ ఉండిపోయాడు. ఒక్కరి మీద కూడా ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక, ఆయన భార్య వీధి మొదటి పంపు దగ్గర్నుంచి బకెట్టు మోసుకురావడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుచోట్ల ఆగి నడుం పట్టుకునేది. మోటారు సంగతి ఎత్తేది కాదు. ఆ ఎత్తకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. ఒక పొద్దున్న ఆయన సంచి తీసుకుని వాలు దిగాడు. తనది ఎలాగూ తీసేశాడు, వీధిలో అందరివీ తీయించలేకపోయినా కనీసం ఆ చివరింటి మోటారునైనా పీకి పారెయ్యాలని నిశ్చయించుకున్నాడు. అల్లుడు మళ్ళీ లారీ ఎక్కేశాడు. చంటిదాన్ని చూసుకుంటూ ఆ పిల్ల ఒక్కతే ఉంది.

"మంచి సమయానికి వచ్చావు మావయ్యా" అంది మేనకోడలు. "నేనే కబురు పెడదామనుకుంటున్నా. మోటారు గాలి లాగుతోంది, నీళ్ళెక్కట్లేదు. చూసిపెట్టు."

లిఫ్టాయన సంచి దించలేదు. "బాగుచెయ్యడానికి రాలేదమ్మా. తీసుకెళ్ళిపోదామని వచ్చాను."

ఆ పిల్ల చంటిదాన్ని చాప మీద పడుకోబెట్టి, దుప్పటి సర్ది, తర్వాత అంది: "తీసుకెళ్తే నేనేం చెయ్యాలి?"

"ఆ నీళ్ళే కదే మీ అమ్మని..."

"నాకు తెలీదా మావయ్యా? బకెట్టు నేనూ చూశాను." గొంతు పెంచలేదు. "అమ్మలాగా నేను పచ్చినీళ్ళు తాగను. కాచి తాగుతున్నా. కాచుకోవడానికైనా నీళ్ళు రావాలి కదా. దీన్ని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలేసి ఆ వాలెక్కి వెళ్ళనా? ఎత్తుకుని బిందె మొయ్యనా?"

ఆయన చాప మీది చంటిదాని వైపు చూశాడు.

"పైన అందరివీ తీయించగలిగితే చెప్పు, ఇది నేనే నీ చేతికిస్తా. తీయించగలవా?"

లిఫ్టాయన తల అడ్డంగా ఊపాడు.

"అయితే బాగుచెయ్యి మావయ్యా" అంది ఆ పిల్ల. అని పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "నువ్వు కాకపోతే ఎవర్నో పిలుస్తా. వాళ్ళు నీ అంత శ్రద్ధగా చెయ్యరు."

ఆయన సంచి దించి మోటారు ముందు గొంతుకూర్చున్నాడు. విప్పి చూస్తే లోపలి రబ్బరు సీలు అరిగిపోయి ఉంది. సంచిలో కొత్తది ఉంది. సీలు మార్చి, పైపు మరచుట్ల మీద టేపు చుట్టి, ఒక్కో నట్టూ సమంగా బిగించాడు. నీళ్ళు వదిలే వేళ కావడంతో పైనుంచి మోటార్ల చప్పుడు అప్పటికే మొదలైంది. ఆయన స్విచ్చు వేశాడు. కిటికీ తలుపులు అదిరాయి. కుళాయి కింద మేనకోడలు గిన్నె పట్టింది. నీళ్ళు ధారగా పడ్డాయి. ఆ పిల్ల గిన్నె నిండేదాకా చూసి, వాసన చూసి, పొయ్యి మీద పెట్టి మూత వేసింది.

"ముందుకంటే బాగా లాగుతోంది" అంది.